ఫోరెన్సిక్ సైన్స్ డిగ్రీలో చేరాలా, కెమిస్ట్రీ చదివి అటు వెళ్లాలా?

ఫోరెన్సిక్ ల్యాబ్‌లో "ఫోరెన్సిక్ సైంటిస్టు" అని ఒకే కుర్చీ ఉండదు. పొట్లంలో దొరికిన తెల్లపొడి ఏమిటో తేల్చే బల్ల వేరు. చొక్కా మీది మరకలోంచి డీఎన్‌ఏ తీసే బల్ల వేరు. రెండు తూటాల మీది గీతల్ని కంపారిజన్ మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టి చూసే బల్ల వేరు. ఒక బల్ల దగ్గర పనిచేసేవాళ్లు రేపటి నుంచి ఇంకో బల్ల దగ్గర కూర్చుంటామంటే కుదరదు. ఒక్కోదానికి విడిగా శిక్షణ, విడిగా పరీక్ష ఉంటాయి. అవి పాసయ్యాకే కేసు చేతికి ఇస్తారు.

డిగ్రీ ఎంచుకునేవాళ్లు తడబడేది ఇక్కడే. కోర్సు పేరులో "ఫోరెన్సిక్" కనిపించగానే చేరిపోతారు, ఏ బల్ల దగ్గర కూర్చోవాలన్నది ఆఖరి ఏడాదిలో ఆలోచిస్తారు. అప్పటికి ఆ బల్ల అడిగే సబ్జెక్టులు తీసుకునే అదను దాటిపోతుంది. అందుకే ముందు బల్ల తేల్చుకోండి, డిగ్రీ సంగతి తర్వాత చూద్దాం.

ముందే పక్కన పెట్టాల్సిన ఆశలు

పోస్ట్‌మార్టం చేసి మరణ కారణం చెప్పేది డాక్టరు. వైద్య డిగ్రీ లేకుండా ఆ పని దొరకదు, దానిలో నిపుణులు కావాలంటే ఆ పైన ఫోరెన్సిక్ మెడిసిన్ లేదా పాథాలజీలో పీజీ చేయాలి. ఫోరెన్సిక్ సైన్స్ డిగ్రీ ఎంత మంచి మార్కులతో పాసైనా అటు తలుపు తీయదు. పళ్లను బట్టి మనిషిని గుర్తించే పని దంతవైద్యులది. నిందితుడి మానసిక స్థితిని అంచనా వేయాలంటే సైకాలజీ లేదా సైకియాట్రీ చదవాలి. కంపెనీ లెక్కల్లో మోసం పట్టాలంటే అకౌంటింగ్ చదవాలి. ఎముకల్ని బట్టి వయసు, ఎత్తు చెప్పే ఆంత్రోపాలజీలో డిగ్రీ మొదటి మెట్టు మాత్రమే, చాలావరకు పీహెచ్‌డీ దాకా వెళ్లక తప్పదు. వీటిలో ఏదైనా మీ మనసులో ఉంటే ఈ వ్యాసంలోని పోలిక మీకు అక్కర్లేదు.

టీవీలో ఒకే మనిషి సంఘటన స్థలానికి వెళ్లి, ల్యాబ్‌లో పరీక్ష చేసి, నిందితుణ్ని ప్రశ్నిస్తాడు. నిజానికి ఈ మూడూ ముగ్గురి పనులు. ప్రశ్నించేది పోలీసులే.

బరిలో ఉన్న నాలుగు దారులు

ఒకటి, మూడు లేదా నాలుగేళ్ల ఫోరెన్సిక్ సైన్స్ డిగ్రీ. రెండు, కెమిస్ట్రీ లేదా బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్ లాంటి మూల శాస్త్రంలో డిగ్రీ, ఆ తర్వాత ఫోరెన్సిక్‌లో పీజీ. మూడు, కెమిస్ట్రీయో బయాలజీయో మేజర్‌గా, ఫోరెన్సిక్ మైనర్‌గా చదవడం. నాలుగు, కంప్యూటర్ సైన్స్ చదివి డిజిటల్ ఫోరెన్సిక్స్‌లోకి వెళ్లడం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఏ బల్లో ఇంకా తేల్చుకోనివాళ్లకు మూడో దారి మేలు. అది దొరకకపోతే రెండోది. మొదటి దారి చెడ్డదని కాదు, దానిలో మంచికీ నాసికీ మధ్య తేడా మరీ ఎక్కువ. కెమిస్ట్రీ డిగ్రీ ఎక్కడ చదివినా ఆర్గానిక్, ఇనార్గానిక్, ఫిజికల్, అనలిటికల్ అనే నాలుగు కాళ్లూ ఉంటాయి. ఫోరెన్సిక్ డిగ్రీ అలా కాదు. ఒక చోట అది నిఖార్సయిన కెమిస్ట్రీ డిగ్రీ, పైన ఫోరెన్సిక్ పూత. ఇంకో చోట క్రిమినాలజీ, చట్టం, సైకాలజీ, "పరిచయం" అనే పేరుతో పది పేపర్లు కలిపిన కిచిడీ. పట్టా మీద రెండింటి పేరూ ఒకటే. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు మాత్రం మార్కుల జాబితా చూడగానే తేడా తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. ఫోరెన్సిక్ ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ప్రభుత్వ ల్యాబుల్లోనే ఉంటాయి, ఖాళీలు తక్కువ. బ్రిటన్‌లో ఫోరెన్సిక్ సైన్స్ సర్వీస్ అనే ప్రభుత్వ సంస్థనే 2012లో మూసేశారు. అలాంటి రోజు వస్తే కెమిస్ట్రీ పట్టా ఉన్నవాళ్లు మందుల కంపెనీలకో, ఆహార పరీక్షలకో, నీటి పరీక్షలకో వెళ్లగలరు. పలుచని ఫోరెన్సిక్ పట్టా ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు తక్కువ.

సిలబస్ చదివే పద్ధతి

కాలేజీ బ్రోషర్లు అరచేతిలో వైకుంఠం చూపిస్తాయి. తెల్లకోటు, చేతితొడుగులు, పసుపు టేపు, పక్కన మెరిసే యంత్రం. ఆ బొమ్మలు వదిలేసి సెమిస్టర్‌వారీ సిలబస్ తీసుకుని పెన్నుతో గీతలు పెట్టండి. ల్యాబ్‌తో కూడిన జనరల్ కెమిస్ట్రీ 2 కోర్సులు, ల్యాబ్‌తో ఆర్గానిక్ 2 కోర్సులు, ఇన్‌స్ట్రుమెంటల్ అనాలిసిస్ కనీసం 1, ఫిజిక్స్ 2, బయాలజీ 1, కాలిక్యులస్, విడిగా స్టాటిస్టిక్స్. ఇవన్నీ కనిపిస్తే పునాది ఉన్నట్టే. ఆర్గానిక్ ఒకే సెమిస్టర్‌తో సరిపెట్టినా, స్టాటిస్టిక్స్ "రిసెర్చ్ మెథడ్స్"లో ఒక యూనిట్‌గా దూరినా అనుమానించండి.

అమెరికాలో ఈ డిగ్రీలకు ఫెపాక్ అనే సంఘం, బ్రిటన్‌లో చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫోరెన్సిక్ సైన్సెస్ గుర్తింపు ఇస్తాయి. గుర్తింపు ఉంటే సిలబస్‌ని ఎవరో బయటివాళ్లు తనిఖీ చేశారని అర్థం. ఉద్యోగానికి అది హామీ కాదు. గుర్తింపు లేని కోర్సులన్నీ చెడ్డవీ కావు. మీరున్న చోట గుర్తింపు వ్యవస్థే లేకపోతే పై లెక్కే మీ గీటురాయి.

తర్వాత ల్యాబ్. మిశ్రమంలోని పదార్థాల్ని విడదీసి గుర్తించే యంత్రం పేరు జీసీ-ఎంఎస్. "మీ దగ్గర జీసీ-ఎంఎస్ ఉందా" అని అడిగితే అందరూ ఉందనే అంటారు. అడగాల్సిన ప్రశ్న ఇంకోటి: ఆఖరి ఏడాది విద్యార్థి దాని మీద తన చేత్తో ఎన్ని శాంపిళ్లు తయారుచేసి నడుపుతాడు? డెమో చూపించి, ప్రింటవుట్ పంచిపెట్టి, దాన్ని రికార్డులో అతికించమనే ప్రాక్టికల్ ప్రాక్టికలే కాదు.

మంచి ప్రాక్టికల్ ఎలా ఉంటుందో రక్తంలో ఆల్కహాల్ కొలత చూస్తే తెలుస్తుంది. తెలిసిన గాఢతలతో ఐదు స్టాండర్డులు విద్యార్థే తయారుచేయాలి. ప్రతి సీసాలో ఒకే మోతాదులో నార్మల్ ప్రొపనాల్ కలపాలి. సీసా బిగించి వేడిచేసి, పైన చేరిన ఆవిరిని గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి పంపి, ఇథనాల్ (తాగే ఆల్కహాల్) పీకుని, అంటే యంత్రం గీసిన శిఖరం సైజుని, ప్రొపనాల్ పీకుతో భాగించి గీత గీయాలి. ప్రొపనాల్ ఎందుకు? సీసా మూత సరిగా బిగియక కొంత ఆవిరి కారిపోతే ఇథనాల్ పీకు చిన్నదవుతుంది, ఆల్కహాల్ తక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. రెండూ కలిసి కారిపోతాయి గనుక నిష్పత్తి పెద్దగా మారదు. రక్తం ట్యూబులో సోడియం ఫ్లోరైడ్ ఎందుకు వేస్తారు? అది లేకపోతే సూక్ష్మజీవులు ట్యూబులోనే చక్కెరను పులియబెట్టి ఆల్కహాల్ తయారుచేయగలవు, తాగని మనిషి తాగినట్టు తేలే ప్రమాదముంది. ఒక శాంపిల్‌కీ ఇంకో శాంపిల్‌కీ మధ్య ఖాళీ సీసా ఎందుకు నడపాలి? ముందు శాంపిల్ అవశేషం తర్వాతి దానిలోకి రాలేదని చూపించడానికి. ఈ మూడు ప్రశ్నలకు కోర్సు చివర్లో ఉన్న విద్యార్థి తడుముకోకుండా జవాబు చెబితే ఆ కోర్సులో పని జరుగుతోందని నమ్మొచ్చు. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ప్రొఫెసర్లను కాదు, వాళ్లనే అడగండి.

డ్రగ్స్, టాక్సికాలజీ బల్ల: కెమిస్ట్రీయే

మాదకద్రవ్యాల్ని, శరీరంలో చేరిన మందుల్ని, విషాల్ని గుర్తించే ఈ బల్లకు ఫోరెన్సిక్ డిగ్రీ కంటే కెమిస్ట్రీ డిగ్రీ ఒక మెట్టు పైనే. మార్క్విస్ రీఏజెంట్ అనే ద్రావణం వేస్తే మార్ఫిన్ జాతి ఊదారంగుకీ, యాంఫెటమిన్ నారింజ, గోధుమ రంగులకీ తిరుగుతాయని ఏ కోర్సులోనైనా నేర్పుతారు. రంగు పరీక్ష ఒక్కటే గుర్తింపు కాదు. డ్రగ్స్ పరీక్షలకు ఎస్‌డబ్ల్యూజీడ్రగ్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం పద్ధతుల్ని "ఎ", "బి", "సి" అని మూడు వర్గాలు చేసింది. అణువు ముక్కల బరువు చూసే మాస్ స్పెక్ట్రోమెట్రీ, అణువు పీల్చుకునే కాంతిని చూసే ఇన్‌ఫ్రారెడ్ లాంటివి "ఎ" వర్గం, రంగు పరీక్షలు "సి" వర్గం. "ఎ" వర్గంలోది ఒకటి, దానికి తోడు ఇంకో పద్ధతి ఉండాలన్నది ప్రాథమిక సూత్రం.

అసలు చిక్కు అక్కడి నుంచి మొదలవుతుంది. ఫ్లోరోఫెంటనిల్‌లో ఫ్లోరిన్ బెంజీన్ వలయం మీద ఆర్థో, మెటా, పారా అనే మూడు చోట్లలో ఎక్కడైనా ఉండొచ్చు. మామూలు మాస్ స్పెక్ట్రమ్‌లో మూడూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. కొకైన్ హైడ్రోక్లోరైడ్ అనే లవణమా, లవణం కాని బేసా అన్నది జీసీ-ఎంఎస్ చెప్పలేదు, ఇన్‌ఫ్రారెడ్ చెబుతుంది. ఎందుకో అర్థం కావాలంటే ఆర్గానిక్ కెమిస్ట్రీ ఒంటబట్టి ఉండాలి. లైబ్రరీ మ్యాచ్ (యంత్రంలో దాచిన పాత నమూనాలతో పోలిక) 95 శాతం అని తెర మీద చూపిస్తే దాన్నే రిపోర్టులో రాసేసే మనిషిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో కూర్చోబెట్టడం ఎంత ప్రమాదమో ఊహించుకోండి.

డీఎన్‌ఏ బల్ల: మార్కుల జాబితాలో ఉండాల్సిన పేర్లు

ఇక్కడ నిబంధనలు కాగితం మీదే ఉన్నాయి. అమెరికాలో ఎఫ్‌బీఐ నాణ్యతా ప్రమాణాల ప్రకారం డీఎన్‌ఏ అనలిస్టు డిగ్రీ బయాలజీ, కెమిస్ట్రీ, ఫోరెన్సిక్ సైన్స్‌కు సంబంధించినదై ఉండొచ్చు. అయితే బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్, మాలిక్యులర్ బయాలజీ చదివినట్టు రుజువు కావాలి, స్టాటిస్టిక్స్ లేదా పాపులేషన్ జెనెటిక్స్ కూడా ఉండాలి. డిగ్రీ పేరు కంటే ఈ నాలుగు పేర్లే బరువైనవని అక్కడే తెలుస్తోంది. మిగతా చోట్ల ఉద్యోగ ప్రకటనలు కూడా దాదాపు ఇదే వరస అడుగుతాయి. ఫోరెన్సిక్ డిగ్రీలో మాలిక్యులర్ బయాలజీ విడి కోర్సుగా లేకపోతే, "ఫోరెన్సిక్ బయాలజీ"లో రెండు యూనిట్లుగా ఉంటే, అప్లికేషన్ అక్కడే ఆగిపోవచ్చు. అందుకే కోర్సు పేర్లు కూడా చూడమనేది.

చదువు ఎక్కడ పనికొస్తుందో ఒక ఉదాహరణ. జీన్స్ ప్యాంటు మీది రక్తపు మరకలోంచి డీఎన్‌ఏ తీశారు, దాన్ని కాపీలు చేసి పెంచే పీసీఆర్ నడిపారు, ఏమీ రాలేదు. అనుభవం లేనివాళ్లు "డీఎన్‌ఏ లేదు" అని రాస్తారు. జీన్స్‌కి వేసే నీలిరంగు పీసీఆర్ ఎంజైమును అడ్డుకుంటుంది. రక్తంలోని హీమ్, మట్టిలోని హ్యూమిక్ ఆమ్లం కూడా అంతే. శాంపిల్‌ని పలచన చేస్తేనో, మళ్లీ శుద్ధి చేస్తేనో ప్రొఫైల్ వచ్చేయొచ్చు. ఎక్కువ డీఎన్‌ఏ వేస్తే బాగా వస్తుందనుకోవడం ఇంకో పొరపాటు. డీఎన్‌ఏలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్కల్ని పోల్చే ఎస్‌టీఆర్ కిట్లు చాలావరకు 0.5 నుంచి 1 నానోగ్రాము కోసం తయారైనవి. అంతకు బాగా మించితే ఒక రంగు పీకు పక్క రంగులోకి పొంగి లేని అల్లీల్ (ఆ చోట ఉండే డీఎన్‌ఏ రూపం) ఉన్నట్టు చూపిస్తుంది. మరీ తగ్గితే ఉన్న అల్లీల్ కనిపించకుండా పోతుంది. అందుకే ముందు కొలవడం, తర్వాత పీసీఆర్.

స్టాటిస్టిక్స్ ఎందుకంటే, "సంబంధం లేని మనిషికి ఈ ప్రొఫైల్ కాకతాళీయంగా సరిపోయే అవకాశం పది లక్షల్లో ఒకటి" అన్నదానికీ, "నిందితుడు నిర్దోషి అయ్యే అవకాశం పది లక్షల్లో ఒకటి" అన్నదానికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. రెండో మాట కోర్టులో నోరుజారితే కేసే తిరగబడొచ్చు.

కలుషితం సంగతీ చెప్పుకోవాలి. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో పదుల కొద్దీ నేరాల్లో ఒకే స్త్రీ డీఎన్‌ఏ దొరుకుతోందని ఏళ్ల తరబడి వెతికారు. 2009లో తేలిందేమిటంటే ఆ డీఎన్‌ఏ శాంపిల్ తీసే దూదిపుల్లల తయారీలో పనిచేసిన మనిషిది. పుల్లలు స్టెరైల్‌వే. స్టెరైల్ అంటే సూక్ష్మజీవులు లేవని, డీఎన్‌ఏ లేదని కాదు. తర్వాత 2016లో ఐఎస్‌ఓ 18385 అనే ప్రమాణం ఇలాంటి వస్తువుల కోసమే వచ్చింది. ల్యాబులు తమ సిబ్బంది డీఎన్‌ఏని కూడా పోల్చి చూడటానికి దగ్గర పెట్టుకుంటాయి. ఉద్యోగంలో చేరితే మీదీ ఇవ్వాలి.

వేలిముద్రలు, తూటాలు, సంఘటన స్థలం

ఇక్కడ ఫోరెన్సిక్ డిగ్రీకి కాస్త మొగ్గు ఉంది. మూల శాస్త్రం చదివినవాళ్లకు లేనివి దీనిలో ఉంటాయి: సాక్ష్యం చేతులు మారిన ప్రతిసారీ రాసే రికార్డు, ఫొటో తీసే వరస, తడి రక్తపు బట్టను ప్లాస్టిక్ సంచిలో కాకుండా ఆరబెట్టి కాగితపు సంచిలో ఎందుకు పెట్టాలో, రిపోర్టు రాయడం, నమూనా కోర్టులో నిలబడి మాట్లాడటం. అయినా వేలిముద్రలు, తూటాలు పోల్చే పని అసలు నేర్చుకునేది ఉద్యోగంలో చేరాక, ఏడాదీ రెండేళ్లూ సీనియర్ పక్కన కూర్చునే.

2004 మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసులో ఎఫ్‌బీఐ నిపుణులు ఒక వేలిముద్రను సంబంధం లేని అమెరికన్‌ది అని తేల్చారు, తర్వాత స్పెయిన్ పోలీసులు అది మరొకరిదని చూపించారు. 2009లో అమెరికా నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ నివేదిక, 2016లో అధ్యక్షుడి సలహా మండలి నివేదిక ఈ పోలిక పద్ధతుల శాస్త్రీయతనే ప్రశ్నించాయి. ఆ నివేదికల్ని, ముందే జవాబు తెలిస్తే కన్ను ఎలా మోసపోతుందన్న పాఠాన్ని పక్కన పెట్టి, "వేలిముద్ర ఎన్నడూ తప్పు చెప్పదు" అని ఇంకా నేర్పే కోర్సు ఉంటే దాన్ని వదిలేయండి.

నేర్పే తీరులో లోతు చూడాలంటే రక్తం తొలి పరీక్ష ఒక్కటి చాలు. మరకను తాకించిన పుల్ల మీద ఇథనాల్ చుక్క, ఫినాల్ఫ్తలిన్ రీఏజెంట్ చుక్క వేసి కొద్ది సెకన్లు ఆగాలి. రంగు రాకపోతేనే హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క. వెంటనే గులాబీ రంగు వస్తే రక్తం కావచ్చు. పెరాక్సైడ్ వేయకముందే రంగు వస్తే వేరే ఆక్సీకరణ పదార్థం ఏదో ఉందన్నమాట, ఆ పరీక్ష చెల్లదు. నిమిషాలు గడిచాక వచ్చే రంగు గాలివల్ల, దాన్నీ లెక్కలోకి తీసుకోకూడదు. కొన్ని కూరగాయల్లోని ఎంజైములూ రంగు తెప్పిస్తాయి, మనిషిదో జంతువుదో ఈ పరీక్ష చెప్పదు. కాబట్టి రికార్డులో "రక్తం ఉంది" అని కాదు, "రక్తం ఉండొచ్చని తొలి సూచన" అని రాయాలి. మొదటి వాక్యానికి మార్కులు వేసే కాలేజీలూ ఉన్నాయి.

డిజిటల్ బల్ల

ఫోన్లు, హార్డ్‌డిస్కుల మీద పని కావాలనుకునేవాళ్లు కంప్యూటర్ సైన్స్ చదవడమే సూటి దారి. డిజిటల్ ఫోరెన్సిక్స్ పేరుతో డిగ్రీ ఉంటే దానిలో ఆపరేటింగ్ సిస్టమ్స్, ఫైల్ సిస్టమ్స్, నెట్‌వర్కింగ్, డేటాబేసులు, ప్రోగ్రామింగ్ ఉన్నాయో లేదో చూడండి. ఏదో ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ బటన్లు నొక్కడమే నేర్పితే ఆ సాఫ్ట్‌వేర్ మారిన రోజున చదువు పాతబడిపోతుంది. ఫోన్ యాప్‌లు సందేశాల్ని చాలావరకు ఎస్‌క్యూలైట్ డేటాబేసుల్లో దాస్తాయి. టూల్‌కు ఇంకా తెలియని కొత్త యాప్ వస్తే ఆ ఫైలు తెరిచి స్వయంగా చదవాల్సిందే.

డిస్కు మీద ఏమీ రాయనివ్వని రైట్ బ్లాకర్ అనే పరికరం ద్వారా కలిపి కాపీ తీసి, రెండింటి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌లు (డేటాను బట్టి వచ్చే గుర్తు సంఖ్యలు) సరిపోతే కాపీ నమ్మదగినదే. అయితే చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ డిస్కులకు కరెంటు ఇవ్వగానే లోపలి కంట్రోలర్ తుడిపేసిన బ్లాకుల్ని తనంతట తానే శుభ్రం చేసుకోవచ్చు, రైట్ బ్లాకర్ దాన్ని ఆపలేదు. రెండోసారి హ్యాష్ మారితే ఎందుకు మారిందో వివరించగలగాలి. ఆన్‌లో ఉన్న ఫోన్‌ను కంగారుపడి ఆఫ్ చేస్తే ఎన్‌క్రిప్షన్ తాళాలు మెమరీలోంచి పోతాయి, పాస్‌కోడ్ లేకుండా మళ్లీ తెరవడం చాలా కష్టం. సిగ్నల్ అందని ఫారడే సంచిలో పెడితే నెట్‌వర్క్ వెతుక్కుంటూ బ్యాటరీ త్వరగా అయిపోతుంది, అందుకని సంచిలోనే పవర్ బ్యాంకు కూడా పెడతారు.

ఇప్పటికే చేరిపోయినవాళ్లకు

మీ ఫోరెన్సిక్ కోర్సు పలుచగా ఉందని ఇది చదువుతూ అనిపించిందా? మానేయాల్సిన పని లేదు. ఎలక్టివ్‌లుగా ఆర్గానిక్, ఇన్‌స్ట్రుమెంటల్, మాలిక్యులర్ బయాలజీ, స్టాటిస్టిక్స్ పట్టుకోండి. సెలవుల్లో ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ దొరకడం కష్టం, గోప్యత వల్ల దొరికినా చాలాసార్లు చూడటమే తప్ప చేయనివ్వరు. దానికి బదులు ల్యాబ్ నాణ్యతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 గుర్తింపు ఉన్న మందుల, ఆహార, నీటి పరీక్షల ల్యాబ్ ఏదైనా వెతుక్కోండి. పరికరాన్ని సరిచూసే క్యాలిబ్రేషన్, ఫలితాలు అదుపులో ఉన్నాయో చూసే కంట్రోల్ చార్టు, పద్ధతి నమ్మదగినదని నిరూపించే మెథడ్ వాలిడేషన్, తప్పు రాసినచోట ఒకే గీత కొట్టి సంతకం, తేదీ వేయడం అన్నీ అక్కడ అలవాటవుతాయి. ఫోరెన్సిక్ ల్యాబ్ నడిచేది ఆ ప్రమాణం మీదే.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు ప్రశ్నపత్రాలు పంచి అభిప్రాయాలు సేకరించే అంశం తీసుకోవద్దు. ఏదో ఒకటి కొలిచే అంశం తీసుకోండి: ఒక బట్ట మీద రక్తం ఎన్ని రోజుల దాకా పరీక్షకు దొరుకుతుంది, ఒక మందును మూత్రంలో ఎంత తక్కువ మోతాదు దాకా పట్టగలం లాంటివి. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడేది దాని గురించే.

కోర్సు మారాలన్న ఆలోచనే ఉంటే మాత్రం రెండో ఏడాది మొదలయ్యేలోపే మారండి. ఆర్గానిక్ మొదటి భాగం లేకుండా రెండోది ఇవ్వరు, రెండోది లేకుండా బయోకెమిస్ట్రీ ఇవ్వరు. ఈ గొలుసులో ఒక సెమిస్టర్ తప్పితే చాలాచోట్ల ఏడాది ఆగాల్సి వస్తుంది.